బెల్లు కొట్టని ఊరు

ప్లానింగ్ ఆఫీసు, మూడో అంతస్తు
ఎండలు ఇంకా ముదరలేదు

వదినా,

ఫోను మోగీ మోగీ అలిసిపోయింది గానీ నువ్వు ఎత్తలేదు. అన్నయ్యని అడిగితే "మీ వదినకి ఉత్తరం రాయి, వెంటనే జవాబిస్తుంది" అన్నాడు. ఏ కాలంలో ఉన్నామో తెలీక కాసేపు నవ్వుకుని, పెన్ను వెతుక్కుని కూచున్నాను.

నీతో పని పడింది. మా ఊళ్ళో పాత రైలు పట్టా పీకేసిన చోట, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ కలిపి ఒకటే బాట వేస్తున్నారు. ఆ పని నా నెత్తిన పడింది. పొడవు మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వెడల్పు మీదే. రెండున్నర మీటర్లు చాలంటారు మా చీఫ్ ఇంజనీరుగారు. నాలుగు కావాలంటాను నేను. ఆయనతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయన దగ్గర ఒక అంకె ఉంది, గంటకి ఎంతమంది పోతారని. అంతమంది రెండున్నరలో పడతారు కదా అంటారు. పడతారు, బస్తాలో బియ్యం పడ్డట్టు.

నాకు కావలసింది ఆ అంకె కాదు. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన నడుస్తుంటారు. వెనకనించి ఒక సైకిలు, ఎదురుగా ఇంకో సైకిలు. అప్పుడు ఎవరు ఆగుతారు, ఎవరు తప్పుకుంటారు? తప్పుకున్నవాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారా? లెక్కపెట్టే యంత్రం ఇది చెప్పదు. కూచుని చూసే మనిషి కావాలి.

మీ షాపు వెనక బాట సరిగ్గా రెండున్నర. నీ కుట్టుమిషను దగ్గర కిటికీ దాని మీదికే తెరుచుకుంటుంది. నువ్వేమో ఎదుటివాళ్ళ భుజం ఎంత వంగిందో దూరంనించే చెప్పేదానివి. కాస్త చూసి రాసి పెట్టవూ? వెడల్పు ఖాయం చేసే మీటింగు దగ్గర్లోనే ఉంది. ఒకసారి పరిచేశాక మా తరం వెళ్ళేదాకా దాని జోలికి ఎవరూ రారు.

నీ ఆడపడుచు


కుట్టు షాపు, కిటికీ పక్క

టేపుదొంగా,

నేను కాపురానికొచ్చిన వారంలోనే నా టేపు ఎత్తుకెళ్ళి ఇంటి నడవా కొలిచినదానివి, నిన్ను ఇంకెలా పిలవను? ఆ టేపు ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఫోను సంగతి వదిలెయ్. మిషను గోలలో ఏం మాట్లాడతాం, ఏం వింటాం. ఉత్తరమే హాయి.

నువ్వు చెప్పినట్టే చూస్తున్నాను. మొదట్లో ఇదేం పనిరా బాబూ అనుకున్నాను. ఇప్పుడు ధ్యాస ఎంత అటు పోయిందంటే నిన్న ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

ముందుగా, నీ రెండున్నర రెండున్నర కాదు. బాటకి రెండు వైపులా కంచె ఉందా, దాన్ని ఆనుకుని ఎవరూ నడవరు. జానెడో మూరెడో వదిలేసి నడుస్తారు. బట్ట కొలిచేటప్పుడు లోపలి మడతలోకి పోయేది కూడా కలిపేసి ఇంత ఉంది అనుకున్నట్టుంది మీ లెక్క. ఒంటికి తగిలేది అంత ఉండదు.

రోజూ సాయంత్రం ఒక జంట వస్తారు, పొడుగాయన, పొట్టావిడ. పక్కపక్కనే మొదలుపెడతారు. సైకిలు రాగానే ఆవిడ ముందుకి, ఆయన వెనక్కి. అది వెళ్ళాక మళ్ళీ కలుస్తారు. ఇంకో సైకిలు, మళ్ళీ విడిపోతారు. ఇలా రెండు మూడుసార్లయ్యాక ఇక కలవరు. ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ పోతారు. ఆవిడ నోరు కదలడం ఆగిపోతుంది. మొదట్లో ఆవిడ ఎంత మాట్లాడుతుందో చూస్తే నీకూ జాలేస్తుంది.

చంటిపిల్ల బండి తోసుకుంటూ ఒకమ్మాయి వస్తుంది. ఆమె వెనక సైకిళ్ళు బారు తీరతాయి. ఒంటికాలు నేలమీద ఆనిస్తూ, పెళ్ళికూతురి వెనక నడిచినట్టు వస్తారు.

ఇంకో సంగతి. మా ఊళ్ళో సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టరు. ఒక్కరంటే ఒక్కరు కొట్టరు. పిల్లిలా వెనకనించి వచ్చి పక్కనించి జారుకుంటారు. మీ ఊళ్ళో కూడా అంతేనా?

వదిన


ప్లానింగ్ ఆఫీసు

వదినా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనం మానేసి చదివాను. కంచె పక్క వదిలేసే చోటు మా పుస్తకాల్లో ఉంది, కానీ మడతలోకి పోయే గుడ్డ అని ఏ పుస్తకమూ చెప్పలేదు. పొట్టావిడ మాట తెగిపోవడం రిపోర్టులో ఎక్కడ పెట్టాలో తెలీడంలేదు, అయినా పెడతాను.

కానీ నా నిద్ర చెడగొట్టింది మాత్రం ఆ చివరి సంగతి. బెల్లు కొట్టని ఊరు! నేను చూసిన ప్రతి బాట మీదా బెల్లే నడిపిస్తుంది. ఇరుకైనకొద్దీ బెల్లు ఎక్కువ. బెల్లు లేకుండా రెండున్నరలో ఎలా నెట్టుకొస్తున్నారు? నడిచేవాళ్ళు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తారా? మెడ నొప్పి పుట్టదూ? సైకిలువాళ్ళు నోటితో ఏమైనా అంటారా? బెల్లు కొట్టడం అమర్యాద అని ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? అన్నీ రాయి. ఏదీ చిన్న సంగతి అనుకోకు.

ఇదే రిపోర్టుకి గుండెకాయ చెయ్యాలనుకుంటున్నాను. "రెండున్నర ఉన్న ఊళ్ళో హెచ్చరిక లేకుండా వెనకనించి దాటిపోతున్నారు, మనకీ అదే ప్రమాదం" అంటే చీఫ్‌గారు కూడా ఒక నిమిషం ఆగుతారు.

అన్నట్టు, రోజూ పొద్దున్నే ఆ బాట మీద నడిచేదానివి కదా. ఊరందరి సంగతీ రాసి నీ సంగతి రాయవేం?

ఆడపడుచు


కుట్టు షాపు

టేపుదొంగా,

నీ ప్రశ్నలు చూస్తే పోలీసు స్టేషన్లో కూచున్నట్టుంది.

వెనక్కి తిరిగి చూసేవాళ్ళు తక్కువ. అదే నాకూ వింతగా ఉంది. సైకిలు ఇంకా ఆ చివర ఉండగానే, తల తిప్పకుండానే, పక్కకి తప్పుకుంటారు. వీపుకి కళ్ళున్నాయేమో. ఎవరూ నోటితో అనడం కూడా చూడలేదు.

నేను ఈమధ్య నడకకి వెళ్ళడంలేదు. మోకాలు సలుపుతోంది. ఏం లేదులే, వయసు. పొద్దున్న ఆ వేళకి షాపు తలుపు తీసి కిటికీ దగ్గర కూచుంటున్నాను. బాట కనపడుతూనే ఉంటుంది కదా.

బెల్లు సంగతి నిస్సందేహంగా రాసుకో.

వదిన


ప్లానింగ్ ఆఫీసు
ఫాను తిరుగుతున్నా చెమట్లు

వదినా,

మీటింగు అయింది. నా పరువూ అయింది.

చీఫ్‌గారు రిపోర్టు శ్రద్ధగా చదివారు. అదే కొంప ముంచింది. బెల్లు కొట్టని ఊరు ఆయనకీ వింతగా అనిపించి, నాకు చెప్పకుండా మా సర్వేయరుని మీ ఊరు పంపారు. ఆయన మీ షాపు కిటికీ కిందే నిలబడ్డాడట. మీటింగులో అందరి ముందూ లేచి, "మేడమ్, అక్కడ బెల్లుల మోతకి నా చెవులు చిల్లులు పడ్డాయండీ" అన్నాడు. గది గదంతా నవ్వారు. వీపుకి కళ్ళున్న జనం అని నేనొక పేరా రాశాను చూడు, అది చీఫ్‌గారు పైకి చదివారు. నేల చీలి నన్ను మింగేస్తే బావుణ్ణనిపించింది.

తర్వాత ఆయన అడిగిన మాట నవ్వులాటకి కాదు. "ఇదొక్కటే తప్పైతే మిగతావన్నీ ఒప్పని ఎలా నమ్మమంటావమ్మా?" అన్నారు. పొట్టావిడా పోయింది, కంచె పక్క గుడ్డా పోయింది, చంటిపిల్ల బండీ పోయింది. ఆఖరి మీటింగు ఇంకొకటి ఉంది. అందులో రెండున్నర ఖాయమనే అందరూ అనుకుంటున్నారు.

నువ్వు ఎప్పుడూ నాతో అబద్ధం ఆడలేదు. ఆటపట్టించావు గానీ ఇలా కాదు. నా చెవిలో పువ్వు పెట్టి నీకేం ఒరిగింది వదినా? ఫోను చేద్దామంటే ఎత్తవు. కనీసం ఉత్తరంలోనైనా చెప్పు.

ఆడపడుచు


కుట్టు షాపు

అమ్మాయ్,

నేను చూసిందే రాశాను. అంతకు మించి నాకు తెలీదు. మీ సర్వేయరుగారి చెవులు అంత గొప్పవైతే ఇకనించి ఆయన్నే కూచోబెట్టుకో. నాకు కుట్టాల్సిన బట్టలు చాలా ఉన్నాయి.

వదిన


మా ఇల్లు, వంటగది బల్ల

వదినా,

నీ ఉత్తరం చూసి ఒళ్ళు మండింది. నాలుగు రోజులు మండుతూనే ఉంది. టేపుదొంగా అనకుండా అమ్మాయ్ అన్నావు, అదింకా మండించింది. మంట చల్లారాక, నా సంగతి తెలుసుగా, కుతూహలం ఒకటి మిగిలింది. నీ ఉత్తరాలన్నీ బల్లమీద పరిచి మళ్ళీ చదివాను.

అందులో అందరూ కనపడతారు. ఎవరూ వినపడరు. పొట్టావిడ నోరు కదలడం ఆగిపోతుంది అని రాశావు, మాట ఆగిపోతుంది అని రాయలేదు. చంటిపిల్ల ఏడ్చిందని ఒక్కసారీ రాయలేదు. ఎవరూ నోటితో అనడం "చూడలేదు" అన్నావు.

జనం వెనక్కి చూడకుండానే పక్కకి తప్పుకుంటారని కూడా నువ్వే రాశావు. అంత స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకోలేక నేను పప్పులో కాలేశాను. వాళ్ళ వీపుకి కళ్ళు లేవు వదినా. వాళ్ళకి బెల్లు వినపడింది.

నీకు వినపడలేదు. అంతేనా?

మొన్న బస్సు డిపో పనిమీద అన్నయ్య ఇటు వచ్చాడు. "మీ వదిన ఈమధ్య నా మాట పెడచెవిన పెడుతోంది, పిలిచినా పలకదు, గీర ఎక్కువైంది" అన్నాడు. నేను నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడంలేదు. మొదటి ఉత్తరంలో నేను రాసిన శంఖం సామెత గుర్తొచ్చి సిగ్గేస్తోంది.

అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. నా ఊహ తప్పైతే తిట్టు. తిడుతూ రాసినా సరే, రాయి.

నీ టేపుదొంగ


షాపు, తలుపు మూశాక

టేపుదొంగా,

తిట్టను. నిన్ను తిడదామని రెండుసార్లు కాగితం తీశాను. రెండుసార్లూ ఏడుపొచ్చింది.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం. ఫోను మోగితే ఒళ్ళో అదురు తెలుస్తుంది, ఎత్తితే మాత్రం అవతలివాళ్ళు తలగడలో మొహం పెట్టి మాట్లాడుతున్నట్టుంటుంది. షాపులో పెద్ద ఇబ్బంది లేదు. కొలతలు ఇచ్చే మనిషి ఎదురుగా నిలబడతారు, నోరు చూస్తే సగం అర్థమవుతుంది. మిగతా సగం అందరూ అడిగేది ఒకటే, ఎప్పటికిస్తావని.

మోకాలు అబద్ధం. మోచెయ్యి నిజం. చలికాలంలో ఒకరోజు నడుస్తుంటే వెనకనించి సైకిలు తగిలి కంచె మీద పడ్డాను. పెద్దమనిషే, పాపం లేపాడు, దుమ్ము దులిపాడు, రక్తం వస్తోందని తన రుమాలు ఇచ్చాడు. అన్నీ చేసి, "ఇందాకట్నించి బెల్లు కొడుతూనే ఉన్నాను, వినపడదా? చెవుడా?" అన్నాడు. విసుగులో అన్నాడు, జవాబు కోసం అడగలేదు. జవాబు నా నోటిదాకా వచ్చింది. నవ్వేసి ఇంటికొచ్చేశాను.

వచ్చి కూచుని ఒక తీర్మానం చేసుకున్నాను. ఆయన బెల్లు కొట్టలేదు, కొట్టానని కోతలు కోశాడు. మర్నాటినించి కిటికీలోంచి చూస్తే ఇంకెవరూ కొడుతున్నట్టు లేదు. ఊరంతా తప్పు, నా చెవులు ఒప్పు. నువ్వు అడిగేసరికి అదే రాసిచ్చాను. నిన్ను మోసం చెయ్యాలని కాదే. కాగితం మీద చూసుకుంటే నిజమవుతుందేమోనని.

మీ అన్నయ్యకి ఎందుకు చెప్పలేదంటావా? మంచివాడు కాబట్టి. తెలిస్తే నన్ను ఒంటరిగా గడప దాటనివ్వడు. "ఉండు, నేను తీసుకెళ్తా" అంటాడు. ఆయన బూట్లు వేసుకునేలోపు పొద్దు గూట్లో పడుతుంది. పొద్దున్న ఆ బాట మీద ఒక గంట నాది. ఎవరి బట్టలూ, ఎవరి కొలతలూ లేని గంట. ఇప్పటికే భయంతో దాన్ని సగం పోగొట్టుకున్నాను. చెప్పేస్తే మిగతాది కూడా పోతుందని నోరు మూసుకున్నాను.

నావల్ల నీ పరువు పోయింది. మీటింగులో నా సంగతి చెప్తే పనికొస్తుందంటే చెప్పు. పేరు మాత్రం వద్దు. ఒకావిడ అను, చాలు.

వదిన


ప్లానింగ్ ఆఫీసు
తొలకరి పడింది

వదినా,

నేను నోరు విప్పకముందే చీఫ్‌గారు "మళ్ళీ బెల్లేనా?" అన్నారు. "అవునండీ, బెల్లే" అన్నాను.

ముందు నా రిపోర్టు తప్పని ఒప్పుకున్నాను. ఆ ఊళ్ళో బెల్లు కొడతారు. తర్వాత సర్వేయరువైపు తిరిగి, ఎంతసేపటికొకసారి కొడతారండీ అని అడిగాను. "ఎంతసేపటికేంటి మేడమ్, ఆపితే కదా" అన్నాడు. అంటే ఆ బాట మీద ప్రతివాళ్ళూ ముందున్నవాళ్ళని తప్పుకోమంటూనే ఉన్నారు. చోటు చాలనిచోట బెల్లు పెట్టి సర్దుకుంటున్నాం అన్నాను. ఆ బెల్లు చెవిన పడనివాళ్ళు ఏం కావాలి? అప్పుడు నీ సంగతి చెప్పాను. కంచె, మోచెయ్యి, రుమాలు, ఆయన అన్న మాట, అన్నీ. ఒకావిడ అనే అన్నాను.

చీఫ్‌గారు రిపోర్టు మూసి పక్కన పెట్టారు. "ఒకావిడ కోసం అంత వెడల్పా?" అన్నారు, కోపంగా కాదు. మనకి తెలిసింది ఒకావిడే అన్నాను. భయపడి రావడం మానేసినవాళ్ళు గంటకి ఎంతమంది అన్న లెక్కలోకి ఎలా వస్తారండీ? రావడం మానేశారు కాబట్టే రెండున్నర చాలుతున్నట్టు కనపడుతోంది. సర్వేయరు అడక్కుండానే లేచి, "నేనూ అక్కడ కంచెకి అతుక్కునే నిలబడ్డానండీ" అన్నాడు. ఆయన్ని క్షమించేశాను.

నాలుగు ఇవ్వలేదు వదినా. మూడున్నర. కానీ కంచె రెండు పక్కలా బాటకి దూరంగా జరిపి, కంచెకీ బాటకీ మధ్య గడ్డి వదులుతారు. నువ్వు పిల్లల బట్టలకి లోపల ఎక్కువ గుడ్డ వదులుతావే, ఎదిగాక విప్పుకోడానికి, అలాగన్నమాట. రేపు జనం పెరిగితే విప్పుకోవచ్చు. టేపు తర్వాత నీ దగ్గర దొంగిలించింది ఇది.

అన్నయ్యకి నేను చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట. చెప్పేటప్పుడు ఆయన్ని ఎదురుగా, వెలుతుర్లో కూచోబెట్టుకో. బాట పూర్తయ్యాక ఒకసారి వచ్చి నడిచి చూడు. నీ కొలత సరిపోయిందో లేదో నువ్వే చెప్పాలి.

నీ టేపుదొంగ


కుట్టు షాపు, కిటికీ పక్క
వానలు వెళ్ళిపోయాయి

టేపుదొంగా,

మీ ఊరినించి క్షేమంగా చేరాను. నువ్వు బలవంతాన సంచిలో కుక్కిన పళ్ళు బస్సులోనే అయిపోయాయి.

అక్కడ నిన్ను చూసిన సంతోషంలో మీ అన్నయ్య సంగతి సరిగ్గా చెప్పనేలేదు. నేను చెవుల సంగతి చెప్పిన రోజు ఆయన "అయితే నేను స్నానాల గదిలో పాడే పాటలు ఇన్నాళ్ళూ నీకు వినపడలేదా?" అన్నాడు. నా అదృష్టం అన్నాను. ఇద్దరం నవ్వాం, తర్వాత ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చెవి మిషను కొన్నాడు. బతుకంతా ఒక మిషనుతో వేగింది చాలక రెండోది. కాస్త మేలే, కానీ గాలి వీస్తే అందులో సముద్రం హోరు. వీధిలోకి వెళ్ళేటప్పుడు సంచిలో పడేస్తాను.

మా బాట ఇంకా రెండున్నరే. సైకిళ్ళు పలచగా ఉండే వేళ చూసుకుని పొద్దున్నే వెళ్తున్నాను. ఒక్కదాన్నే. మీ అన్నయ్య తోడొస్తానన్నాడు, ఇంకా బూట్లు వేసుకుంటున్నాడు.

ఇక నీ బాట. అక్కడ నడిచినంతసేపూ నువ్వు నా కుడిపక్కనే ఉన్నావు. ఒక్కసారి కూడా ముందుకి పోలేదు, వెనక్కి తగ్గలేదు. నీ మొహం చూస్తూ నడిచాను కాబట్టి నువ్వు చెప్పినదంతా నాకు అందింది. చిన్నప్పటినించీ ఎంత వాగుడుకాయవో మళ్ళీ గుర్తొచ్చింది. పక్కనించి సైకిళ్ళు పోతూనే ఉన్నాయి. ఒకావిడ గంప కట్టుకుని, ఒక ముసలాయన నిదానంగా, ముగ్గురు అమ్మాయిలు పందెం వేసుకుంటూ. నా భుజం ఎక్కడా ముడుచుకోలేదని మీ ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే తెలిసింది.

బస్సెక్కాక అనుకున్నాను, దీనిమీద కూడా నువ్వు ప్రశ్నలు రాసి పంపుతావని. మొదటి ప్రశ్న ఏంటో కూడా నాకు తెలుసు. అందుకే నువ్వు అడక్కముందే ఈసారి నిజం రాస్తున్నాను. మీ ఊళ్ళో సైకిళ్ళవాళ్ళు బెల్లు కొడతారో లేదో నాకు తెలీదు. నీతో నడిచినంతసేపూ ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

వదిన